పాటకుల నారవస్త్రము

ధ్యాన భాగము: 1 దినవృత్తాంతములు 15:25–29, 2 దినవృత్తాంతములు 5:11–14, యోహాను 13:1–5

క్రిస్మస్ పండుగ సమీపించినప్పుడు మన సంఘములలో గాయక బృందమువారు సమకూడి, ఏ కీర్తనలు పాడవలెనని ఆలోచించుటకు ముందే ఏ వస్త్రములు ధరించవలెనని ఆలోచించుట మనమెరిగినదే. ఒక సంఘమువారు తెల్లని పొడుగు అంగీలు కోరుదురు. మరియొక సంఘమువారు ఒకే రంగు చీరెలు కొందురు. యౌవనస్థులు వేదికమీద టోపీ పెట్టుకొని గిటారు వాయింప నుద్దేశించినయెడల, పెద్దలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయము తెరచి చూపుదురు. ఈ వాదము చిన్నదిగా కనబడును. అయితే దాని వెనుకనున్న ప్రశ్న చిన్నది కాదు. దేవుని సన్నిధిని పాడువాని వస్త్రము ఎవరిని చూపవలెను?

వస్త్రాలంకారమును లేఖనము తృణీకరింపలేదని మొదట ఒప్పుకొందము. అహరోను కుమారులకు చొక్కాయిలను, దట్టీలను, కుల్లాయిలను చేయుమని మోషేతో చెప్పినవాడు దేవుడే, అవి వారికి ఘనతయు అందమును కలిగించుటకే చేయబడెను (నిర్గమ. 28:40). పాత నిబంధన యాజకుడు తల కప్పుకొనియే సేవ చేసెను. పౌలైతే కొరింథులోని పురుషులు తల కప్పుకొని ప్రార్థింపరాదనెను. రోమీయులు తమ దేవతలకు బలి అర్పించునప్పుడు పైవస్త్రమును తలమీదికి లాగికొనువారు. అపొస్తలుడు ఈ ఆచారమును మనస్సునందుంచుకొనియే వ్రాసెనని కొందరు పండితులు తలంచుదురు. ఎట్లైనను టోపీ తనంతట తాను పవిత్రమును కాదు, అపవిత్రమును కాదు. అది చూచువారికి ఏమి చెప్పుచున్నది అనునదే విచారింపవలసిన సంగతి.

ఇప్పుడు సొలొమోను కట్టించిన మందిరమునకు పోవుదము. ఆసాపు, హేమాను, యెదూతూను అను పాటకులును, వారి కుమారులును, బంధువులును సన్నపు నారవస్త్రములు ధరించి, తాళములు తంబురలు సితారాలు చేతపట్టుకొని, బలిపీఠమునకు తూర్పుతట్టున నిలిచిరి. వారితోకూడ 120 మంది యాజకులు బూరలు ఊదిరి. ఈ నార మన గోనెనార వంటిది కాదు. అవిసె మొక్క కాడనుండి తీసి నేసిన మెత్తని తెల్లని వస్త్రము. పాడువారును ఊదువారును ఒక్కటై ఏకస్వరముతో ప్రభువును స్తుతించినప్పుడు మేఘము మందిరమును నింపెను. యాజకులు నిలిచి సేవ చేయలేకపోయిరి. ఆ గడియలో పాటకుల వస్త్రమును చూచినవాడెవడు? శ్రేష్ఠమైన వస్త్రమే ధరించిరి గాని, దేవుని మహిమ దానిని కప్పివేసెను. ఆరాధనలో వస్త్రమునకు తగిన గతి ఇదియే.

దీనికి ముందే దావీదు దినములలో ఒక సంగతి జరిగెను. ఓబేదెదోము ఇంటనుండి మందసమును తెచ్చునప్పుడు, దానిని మోసిన లేవీయులును, పాటకులును, వారిపై విచారణకర్తయైన కెనన్యాయును సన్నపు నారవస్త్రములు ధరించిరి. దావీదు రాజును వారివలెనే ధరించెను. సింహాసనమెక్కినవాడు ఆ దినమున పాటకుల వరుసలో ఒకడాయెను. కిటికీలోనుండి చూచిన మీకాలు అతనిని హీనపరచెను. రాజు రాజువలె కనబడలేదని ఆమె బాధ. దావీదునకైతే తాను ఎట్లు కనబడుచున్నాడన్న చింతయే లేదు.

ఈ నారవస్త్రమును గూర్చిన మరియొక వృత్తాంతము బైబిలు వెలుపల నున్నది. యూదా చరిత్రకారుడైన యోసేఫస్ క్రీ.శ. 93 ప్రాంతమున ముగించిన యూదుల పురాతన చరిత్రలో, ఇరువదవ గ్రంథమున దీనిని వ్రాసెను. రెండవ అగ్రిప్ప రాజు కాలమున, క్రీ.శ. 62–64 సంవత్సరముల ప్రాంతమున, దేవాలయములో కీర్తనలు పాడు లేవీయులు రాజునొద్దకు పోయి, యాజకులతో సమానముగా నారవస్త్రములు ధరించుటకు తమకు సెలవిమ్మని వేడుకొనిరి. ఇట్లు చేసినయెడల రాజు పేరు చిరకాలము నిలుచునని కూడ చెప్పిరి. రాజు సభను సమకూర్చి, వారి కోరిక తీర్చెను. ఇది మన ధర్మమునకు విరోధమని యోసేఫస్ విలపించెను. అతడును యాజక వంశస్థుడే గనుక ఆ విలాపములో స్వవర్గాభిమానము కొంత ఉండవచ్చును; పూర్వము ఆసాపు కుమారులు నారవస్త్రములు ధరించిరని మనము చూచితిమి గదా.

కావున తప్పు వస్త్రములో లేదు. వారు ఏమి కోరిరో, ఎప్పుడు కోరిరో ఆలోచించుడి. అదే కాలమున దేవాలయపు పని ముగిసి, 18,000 మందికి పైగా పనివారు జీవనము లేక నిలిచిరని యోసేఫస్ ఆ వెంటనే చెప్పుచున్నాడు. పనివాడు కూలికొరకు ఎదురుచూచుచుండగా పాటకుడు పదవికొరకు మనవి చేయుచుండెను. పదేండ్లు తిరుగకముందే, క్రీ.శ. 70లో, ఆ దేవాలయము అగ్నికి ఆహుతియాయెను. నారవస్త్రము సంపాదించినవారికి పాడుటకు స్థలము లేకపోయెను. వారు ఆశ్రయించిన అగ్రిప్ప, కైసరయలో గొప్ప ఆడంబరముతో సభకు వచ్చి, సంకెళ్లతో నిలిచిన పౌలు మాట వినిన అగ్రిప్పయే. ఆ దినమున ఆ సభలో దేవుని సాక్షి ఎవరో వస్త్రమునుబట్టి ఎవడైనను చెప్పగలిగెనా?

దావీదు దిగివచ్చి నారవస్త్రము ధరించెను. అగ్రిప్ప కాలపు పాటకులు పైకెక్కుటకు దానిని కోరిరి. వస్త్రము ఒక్కటే, దారులు రెండు.

ప్రియ సహోదరీ సహోదరులారా, మనము ఏ దారిలో నున్నాము? ఒకే రంగు వస్త్రము మంచిదే. అందరు ఒకేరీతిగా కనబడినప్పుడు ధనవంతుని కుమార్తెయు కూలివాని కుమార్తెయు ఒకే వరుసలో నిలువగలరు. ఎవరి ఇంటి సొమ్ము ఎంతయో కనబడదు. అయితే ఆ చీరె ఖరీదు కూలివాని ఇంటి వారముదినముల అన్నముతో సమానమైనప్పుడు, ఆ బిడ్డ ఏదో సాకు చెప్పి అభ్యాసమునకు రావడము మానుకొనును. కారణమెవరును అడుగరు. పండుగనాడు వరుస అందముగానే యుండును గాని, అందులో ఒక స్వరము లేదు. బంగారు ఉంగరము పెట్టుకొనిన వానికి మంచి స్థలమిచ్చి, దరిద్రుని నిలువబెట్టు సంఘమును యాకోబు గద్దించెను. మన ఏకవస్త్రము ఆ పనియే చేయుచున్నదేమో చూచుకొందము. సంఘపు పెట్టెనుండి ఆ చీరె కొనియిచ్చుట, లేదా అందరి ఇండ్లలోను ఉన్న తెల్లని చీరెతోనే పాడుట కష్టము కాదు.

యెహెజ్కేలు చూచిన దర్శనములో యాజకులు జనులున్న బయటి ఆవరణమునకు వచ్చునప్పుడు నారవస్త్రములు తీసి, ప్రతిష్ఠితమైన గదులలో ఉంచవలెను (యెహె. 44:19). సేవా వస్త్రము వీధిలో గౌరవము సంపాదించుటకు కాదు. వేదిక దిగిన తరువాత కూడ ఆ అంగీ గౌరవమును, ఆ టోపీకి లభించిన చప్పట్లను మనస్సునందు ధరించి తిరుగువాడు దానిని ఇంకను విప్పలేదు.

మన ప్రభువు పాడినట్లు సువార్తలు స్పష్టముగా చెప్పినది ఒక్క రాత్రినిగూర్చియే. పస్కా భోజనము తరువాత ఆయనయు శిష్యులును కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరి. ఆ రాత్రియే ఆయన పైవస్త్రము తీసిపెట్టి, తువాలు నడుమునకు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెను. యోహాను అక్కడ వాడిన గ్రీకు మాటకు నారగుడ్డ అని అర్థము. సర్వోన్నతుడైన పాటకుడు కట్టుకొనిన నారవస్త్రమదియే. అది ఇతరుల పాదముల ధూళితో తడిసెను. మరునాడు సైనికులు ఆయన వస్త్రములను పంచుకొనిరి.

గొఱ్ఱెపిల్ల వివాహోత్సవమున సంఘము ధరించుకొను సన్నపు నారబట్ట పరిశుద్ధుల నీతిక్రియలే అని ప్రకటన గ్రంథము చెప్పుచున్నది; అదియు ఆమెకు ఇయ్యబడినదే గాని ఆమె సంపాదించినది కాదు. ఈ సంవత్సరము వేదికమీదికి వెళ్లకముందు మన వస్త్రమును సరిచేసికొనుచు ఒక్కమాట అడుగుకొందము: నేను పాడి దిగిన తరువాత వీరు నన్ను జ్ఞాపకముంచుకొందురా, నా ప్రభువును జ్ఞాపకముంచుకొందురా?

ప్రార్థన: ప్రభువా, మా పాటను, పాట పాడుటకు మేము ధరించు వస్త్రమును నీ మహిమతో కప్పుము. మా వరుసలో చోటు దొరకని బిడ్డను మాకు చూపుము. నీవు కట్టుకొనిన తువాలును మేమును కట్టుకొనుటకు సిగ్గుపడకుండ మమ్మును దిద్దుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.