ఎవరికి చాలు?

ఇంగ్లీషు నుంచి అనువదించేటప్పుడు నన్ను ఆపేవి పెద్ద పెద్ద మాటలు కావు. వాటికి నిఘంటువులున్నాయి. ‘ఇనఫ్’ లాంటి చిన్న మాట దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ‘చాలు’ అని రాసేయొచ్చు కదా అంటారు. కానీ ఇంగ్లీషులో అది బియ్యం పక్కనో, డబ్బు పక్కనో నిలబడి కొలత చెప్పే మాట. మన ‘చాలు’ క్రియ. చాలదు, చాలలేదు, చాలకపోతే... క్రియ కాబట్టి వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది: ఎవరికి? నాకు చాలు, పిల్లలకి చాలదు. (ఇంగ్లీషులోనూ ‘ఫర్ మీ’ అని తగిలించొచ్చు, నిజమే. తగిలించకపోతే ఎవరూ అడగరు.)

‘చాలా’ కూడా ఈ క్రియ కడుపున పుట్టిందే. సరిపడా అన్న అర్థం మెల్లగా ఎక్కువ అన్న అర్థంలోకి జరిగింది. ‘గుడ్ ఇనఫ్’ మాత్రం కిందికి జారింది: పర్లేదులే, నడిచిపోతుంది. ‘చెప్పజాలను’లో ఉన్నదీ ఈ క్రియే. అక్కడ దాని అర్థం శక్తి.

అమెరికన్ తత్త్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1987లో సమానత్వం మీద ఒక వ్యాసం రాశాడు. అందరికీ ఒకేలా ఉండటం కాదు, ప్రతి ఒక్కరికీ ‘ఇనఫ్’ ఉండటం ముఖ్యం అంటాడు. నాకిది సగం నచ్చుతుంది. పక్కింటివాడి కారు చూసి కుళ్ళుకోవడం కంటే, ఎవరికి ఏం తక్కువైందో చూడమనడం న్యాయమే. మరి ఎంతైతే చాలు? ఉన్నదానితో మనిషి తృప్తిగా ఉంటే, లేదా తృప్తిపడటం సమంజసమైతే, అంటాడు. ఆ ‘లేదా’ దగ్గరే నా పేచీ. సమంజసమో కాదో తేల్చేదెవరు?

2013 నాటి ఆహార భద్రతా చట్టం ఎక్కువమంది కార్డుదారులకి మనిషికి నెలకి 5 కిలోల లెక్క కట్టింది. ప్రభుత్వానికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. నన్ను ఇబ్బంది పెట్టేవి మనం గీసే గీతలు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాచ్‌మన్ జీతం పెంచాలా అని చర్చ వచ్చింది. “ఐ థింక్ ఇట్స్ ఇనఫ్” అని ఒకరు రాశారు. కింద వరసగా బొటనవేళ్ళు. మర్యాదగానే ఉంది. దాన్నే తెలుగులో అని చూడండి: “వాళ్ళకి అది చాలు.” చెంప మీద కొట్టినట్టుంటుంది.

పెళ్ళి భోజనాల్లో చాలు అనే హక్కు తినేవాడిది. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలు అన్నా వడ్డించేవాడు నమ్మడు, ఇంకో గరిటె వేస్తాడు. జీతాల దగ్గరికొచ్చేసరికి ఆ మాట వడ్డించేవాడే అనేస్తాడు.

ఆయన్ని ఎవరైనా అడిగారా అని గ్రూపులో రాశాను. రెండ్రోజులకి సెక్రటరీ గారు వెళ్ళి అడిగారట. కూతురి కాలేజీ బస్సు, తల్లికి మాత్రలు, ఊళ్ళో అప్పుకి వడ్డీ అని చెప్పాడాయన. ఈ మూడింట్లో ఒక్కటీ మా లెక్కలో లేదు. చర్చ ఇంకా నడుస్తోంది.