పేరడుగని పెట్టె
(ధ్యానభాగము: లూకా 10:30–37)

అమెరికా దేశమందలి న్యూయార్కు నగరమున, బ్రూక్లిన్ వీధిలో 2023 జూన్ మాసమున ఒక యంత్రమును నిలిపిరి. అందులో నలోక్సోన్ అను మందును ఉచితముగా ఉంచిరి. నల్లమందు జాతి మత్తు మితిమీరి ఊపిరి ఆగిపోవుచున్నవానికి ప్రక్కనున్నవాడే దానిని ముక్కులో చిమ్మవచ్చును. సకాలమున అందినయెడల కొద్ది నిమిషములలో ఊపిరి మరలివచ్చును. ఆ దేశమున 2022లో లక్షకు పైగా జనులు మత్తుమందులు మితిమీరి చనిపోయిరి.

ఇది పాపమునకు తోడ్పాటు కాదా అని కొందరడుగుదురు. మేమును మొదట అట్లే తలంచితిమి. అయితే చనిపోయినవాడు మారుమనస్సు పొందలేడు గదా! ఈ దారిని ఒంటరిగా ఏల వచ్చితివని సమరయుడు అడుగలేదు. ముందు గాయములు కట్టెను.

ఆ పెట్టె పేరడుగదు, నిందింపదు. మా ఊరిలో త్రాగువాడు మమ్మును చూచి సందు మళ్లుచున్నాడు. ఇనుపపెట్టెకు వెరువని మనిషి సంఘమునకు వెరచినయెడల సిగ్గు ఎవరిది?

అయినను పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి పరామర్శించుట యంత్రమువలన కాదు. అది మన పని. ఈ మాసమున అట్టివాని గడపకు పోవుదము. బోధింపకమునుపు, అన్నము తింటివా అని అడుగుదము. ప్రభువు మనకు ఆ మనస్సు దయచేయునుగాక. ఆమేన్.