సంశయాత్మునకు ధ్యానాధికారము

మాదాపూరున 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి, హైదరాబాదు పశ్చిమభాగమున పగలు రేయి అను భేదమెరుగని ఒక నూతన జీవనము వెలసినది. సముద్రములకావలి గడియారముల ననుసరించి మేల్కొను ఇచ్చటి యువజనులలో పెక్కురు మనశ్శాంతికై ధ్యానమును తలచుచున్నారు. కాని తర్కమే వృత్తిగా గల వారికి ఋజువు గానరాని దానియందు విశ్వాసము కుదురదు. నమ్మకము లేనివానికి ధ్యానము పట్టుబడునా యని వారడుగుచున్నారు. ఆ ప్రశ్నలో దోషమేమియు లేదు.

కేసపుత్తమున కాలాములను జనులు పరస్పరవిరుద్ధములైన బోధలను విని, ఏది సత్యమో తేల్చుకొనలేక బుద్ధభగవానుని ఆశ్రయించినపుడు, ఆయన వారిని మందలింపక, సంశయింపదగిన చోటనే సంశయించితిరని ఆమోదించి, పారంపర్యమునుబట్టి గాని గురుగౌరవమునుబట్టి గాని దేనినీ గ్రహింపక, శ్రేయస్కరమని స్వయముగా తెలిసికొన్న దానినే అవలంబింపుడని ఉపదేశించెను. గీతలో అర్జునుడును మనస్సును నిగ్రహించుట వాయువును బంధించుటవలె దుష్కరమని వాదింపగా, శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాసవైరాగ్యములచే అది సాధ్యమని మాత్రమే పలికెను.

ఇటీవలి చరిత్రలోను ఇట్టి సంశయాత్ము డొకడు కలడు. బర్మాలోని మాండలేలో 1924లో జన్మించిన సత్యనారాయణ గోయెంకా, సంపన్నుడైన వర్తకుడయ్యు తీవ్రమైన పార్శ్వశిరోవేదనతో కృశించి, 1955లో ధ్యానగురువైన సయాజీ ఊ బా ఖిన్‌ను దర్శించెను. తలనొప్పి మానుటకే ఈ విద్య నర్థింపరాదని గురువు తొలుత నిరాకరించెను. సనాతన హిందూకుటుంబమున పెరిగిన శిష్యునకును బౌద్ధమార్గమునెడ శంకలుండెను. అయినను పరీక్షించి చూచిన పిదపనే ఆయన విశ్వసించెను. ఆ గురువు సన్న్యాసి కాడు. స్వతంత్రబర్మాకు తొలి అకౌంటెంట్ జనరలై, తన కార్యాలయోద్యోగులకే ధ్యానము నేర్పిన గృహస్థుడు. ఉద్యోగభారము సాధనకు ప్రతిబంధకమని తలచువారు ఈయన జీవితమును స్మరింపవలెను. 1969లో గోయెంకా భారతదేశమునకు తెచ్చిన విపశ్యన యను ఆ ధ్యానవిద్యకు 1976లో వనస్థలిపురము దాపున ధమ్మఖేత్త కేంద్రము వెలసి, నేటికిని పదిదినముల శిబిరములను శుల్కము లేకయే నడుపుచున్నది.

ఇక ఋజువు మాట. 47 పరిశోధనలను, 3,500 మందికి పైబడిన వ్యక్తుల అనుభవమును క్రోడీకరించి 2014లో అమెరికా వైద్యపత్రిక ప్రకటించిన సమీక్ష, ధ్యానాభ్యాసముచే ఆందోళన, విషాదము, నొప్పి కొంతమేర తగ్గునని తేల్చినది. ఔషధములకన్నను వ్యాయామముకన్నను అది మిన్న యని మాత్రము తేల్చలేదు. కావున అద్భుతముల నాశింపవలదు. తీవ్రమైన మనోవ్యథ గలవారు వైద్యుని విడువవలదు.

అలవాటు ఎట్లు కుదురును? దీర్ఘకాలము, నిరంతరము, ఆదరముతో సేవించిన అభ్యాసమే దృఢపడునని పతంజలి మతము. లండనులో 96 మందిపై జరిగిన యొక పరిశీలనయందు, క్రొత్త అలవాటు సహజమగుటకు సగటున 66 దినములు పట్టినవి; కొందరికి అంతకు మిక్కిలి హెచ్చుకాలము పట్టినది; నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున నష్టము కలుగలేదు. కావున స్నానానంతరము, ల్యాప్‌టాప్ తెరువకముందు, పదినిమిషములు నిటారుగా కూర్చుండి ఉచ్ఛ్వాసనిశ్వాసములను గమనింపుడు. రాత్రి షిఫ్టువారు క్యాబ్ దిగి ఇల్లు చేరిన వెంటనే కూర్చుండవచ్చును. చిత్తము డెడ్‌లైన్లమీదికి, అప్రైజల్‌మీదికి పరుగిడును. విసుగు చెందక మరల శ్వాసకు తోడ్కొనిరండు. అట్లు మరల్చుటయే సాధన గాని, తలపులు పుట్టకుండుట కాదు.

మీరు వ్రాసిన ప్రోగ్రామును పరీక్షింపక మంచిదనరు, చెడ్డదనరు. ధ్యానమునెడలను అట్టి న్యాయమునే పాటింపుడు. మూడుమాసములు సాగించి, కోపము త్వరగా చల్లారుచున్నదా, నిద్ర కుదురుకొన్నదా, ఇంటివారితో మాట మెత్తబడినదా యని మీరే విచారింపుడు. నమ్ముమని మిమ్ము కోరను. నిర్ణయమునకు ముందే మానవలదని మాత్రము కోరుచున్నాను.