పీతశంఖము, మంచుకొండ

మన ప్రాచీన తార్కికులు భ్రాంతిని విచారించునపుడు మరల మరల చూపిన దృష్టాంతములలో పీతశంఖ మొకటి. కామెర్లు సోకినవాని కంటికి తెల్లని శంఖము పచ్చగా కనబడునని వారి మాట. శంఖ మున్నమాట నిజము, దాని ఆకారము నిజము, వర్ణము మాత్రము అసత్యము. ఆ అసత్యమునకు మూలము శంఖమునందు లేదు, చూచువాని పిత్తమునందు కలదు. నిజామాబాదు జిల్లా ఆర్మూరులో నివసించువారికి ఈ దృష్టాంతము కేవలము గ్రంథవాక్యముగా తోపదు. పసుపు తవ్వకములు ముగిసి కల్లములు నిండిన దినములలో ఈ ఊరి చుట్టుపట్ల ఏ దిక్కు చూచినను ఉడికిన పసుపు ఎండుచుండును. ఎండినదానిని డ్రమ్ములలో వేసి తిప్పి మెరుగు పెట్టునపుడు లేచిన దుమ్ము కూలివారి తలగుడ్డలమీద, కనుబొమలమీద, చేతి వ్రేళ్ల ముడుతలయందు పేరుకొనును. కొమ్మును మండను వేరుచేసి, గోనెల కెత్తి, నిజామాబాదు యార్డునకు చేర్చువరకు మనుష్యుల అరచేతులకు వేరొక వర్ణముండదు.

అట్టి ఊరివాడు, మంచుకొండ లెక్కువారు ధరించు కళ్లద్దములను గూర్చి తెలిసికొన్నపుడు విస్మయము చెందుటలో వింత లేదు. మబ్బు కమ్మి వెలుతురు మందగించిన వేళ మంచుమీద నడచువారు పసుపుపచ్చని లెన్సునో, తేనెరంగు లేక గులాబిరంగు లెన్సునో కోరి ఎన్నుకొందురు. తార్కికుడు రోగమన్నదానినే వారు వెలయిచ్చి కొని కన్నులకు తగిలించుకొందురు. తెల్లని మంచును పచ్చగా చూతురు. అట్లు చూచుటవలననే ముందరి గోతిని తప్పించుకొందురు. వర్ణమును గూర్చి అబద్ధమాడు అద్దము గోతిని గూర్చి నిజము చెప్పుచున్నది. అసత్యమైన సాధనము సత్యజ్ఞానమును కలిగింపగలదా యనునది వేదాంతులకు చిరపరిచితమైన ప్రశ్నయే. కాని దానికి ప్రాణములతో ముడివడిన ఉదాహరణ మింత స్పష్టముగా వేరొకచోట దొరకుట అరుదు.

ఈ మెరక నేలకును మంచునకును సంబంధమేమని అడుగనక్కరలేదు. ఈ నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమున 2000 సంవత్సరమున జన్మించిన మాలావత్ పూర్ణ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొనుచు, భువనగిరి బండమీద శిలారోహణ మభ్యసించి, డార్జిలింగు, లడఖు ప్రాంతములలో మంచునకు అలవడి, 2014 మే 25వ తేదీన టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అప్పటికామె వయస్సు 13 ఏండ్ల 11 మాసములు. ఆమెతో గూడ శిఖరమెక్కిన ఆనంద్ కుమార్ అప్పటి ఖమ్మము జిల్లా బాలుడు. జొన్నచేల యెండలో తెరచుకొన్న కన్నులు హిమాలయ ధావళ్యమును చూడ నేర్చుకొన్నవనుట ఈ జిల్లాకు గర్వకారణము. ఆ చూపు ఎట్టిదో విచారించుట మన బాధ్యతయు నగును.

మంచుమీద చూపు నశించుటకు కారణము చీకటి యని తలచుట పొరపాటు. ఆకాశము నిర్మలముగా నున్నపుడు సూర్యుడొక దిక్కునుండి ప్రకాశించును. ప్రతి మిట్టకును ఒక నీడ, ప్రతి పల్లమునకును ఒక అంచు ఏర్పడును. మేఘము కమ్మినపుడు ఆ వెలుగు చెదరి అన్ని దిక్కులనుండి సమముగా దిగివచ్చును. మంచు దానిని పైకి విసరును, మేఘము మరల క్రిందికి పంపును. ఈ రెండు ధావళ్యముల నడుమ నిలిచినవానికి నీడ యనునది లేకుండపోవును. దిగంతరేఖ చెరిగిపోవును. ఎదుట నున్నది ఎగుడో దిగుడో పాదము మోపినగాని తెలియదు. వెలుగు నిండుగా నున్నది, కన్ను నిర్దోషముగా నున్నది, వస్తువు ఎదుటనే యున్నది. ఐనను జ్ఞానము కలుగుట లేదు. ఇంద్రియమునకును విషయమునకును కలిగిన సంబంధమునుండి ప్రత్యక్షము పుట్టునని న్యాయసూత్రకారుడు గౌతముడు చెప్పిన లక్షణమిచ్చట చాలునా యని సందేహము కలుగును. భేదరహితమైన వస్తువును గ్రహించు ప్రమాణమే లేదని శ్రీభాష్యమున రామానుజులు వాదించిరి. ఆ వాదమును పాఠశాలలో చదివినపుడు అది మతాంతర ఖండనమువలె తోచును. నీడలేని మంచునడుమ నిలిచిన మనుష్యుని తలచుకొన్నపుడు మాత్రము అది అనుభవమును వర్ణించు వాక్యముగా మారును. అద్వైతమునందు నాకు గల గౌరవ మేమాత్రమును సడలలేదు. కాని చూపు యొక్క విషయమున రామానుజులదే పైచేయి యని అంగీకరింపక తప్పదు.

ఇక పచ్చని అద్దము చేయు పని యేమి? నీడ యున్నంతవరకు, మంచుమీది నీడ సంపూర్ణముగా నలుపు కాదు. సూర్యుని ముఖము చూడని ఆ పల్లమును ఆకాశపు వెలుగు తడవుచుండుటచేత అందు నీలిమ హెచ్చు. పసుపుపచ్చని లెన్సు ఆ నీలకాంతిని లోనికి రానీయదు. అందుచేత నీడ మరింత చిక్కబడును, మిట్ట మరింత తేలును, కంటికి పట్టు దొరకును. ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఆ అద్దము మంచునకు పచ్చదనమును పూయుట లేదు, నీలమును నిలిపివేయుచున్నది, నిలిపివేయగా మిగిలినది మనకు పచ్చగా కనబడుచున్నది. కామెర్ల రోగికిని పర్వతారోహకునికిని భేదమంతయు నిచ్చటనే యున్నది. రోగి కన్ను లేనిదానిని ఆరోపించును. అద్దము ఉన్నదానిలో కొంత తొలగించును. వేదాంత పరిభాషలో మొదటిది అధ్యారోపము, రెండవది అపవాదమును పోలినది. నీడ బొత్తిగా లేనిచోట ఏ అద్దమును నీడను సృష్టింపజాలదు; అట్టి తెలుపు కమ్మినపుడు అనుభవజ్ఞులు నిలిచిపోవుదురేగాని నడువరు.

అసత్యమునుండి సత్యము పుట్టుట యనుమాటకు శంకరులు ఆరంభణాధికరణ భాష్యమున చూపిన ఉదాహరణములలో వ్రాతగీతలు చేరియున్నవి: తాటాకుమీది గీత అక్షరధ్వని కాకపోయినను, ఆ గీతను చూచినవానికి అక్షరము యథార్థముగా తెలియుచున్నది. విద్యారణ్యులు పంచదశి ధ్యానదీప ప్రకరణమున ఇంకొక మెట్టెక్కిరి. మణి యొక్క కాంతిని మణియే యనుకొని పరుగెత్తినవాడును, దీపము యొక్క కాంతిని మణి యనుకొని పరుగెత్తినవాడును భ్రాంతులే; ఐనను మొదటివానికి మణి దొరకును, రెండవవానికి దొరకదు. ఫలమునిచ్చు భ్రాంతి వేరు, ఇయ్యని భ్రాంతి వేరు. ఈ వివేచనమును బౌద్ధుడైన ధర్మకీర్తి ముందే చేసియుండెను; మతములు వేరైనను మంచి యుక్తి చేయిమారుట మన వాఙ్మయమున ఉత్తమ సంప్రదాయము.

ఈ సందర్భమున ఆర్మూరు ఇండ్లలో జరుగుదానిని మరువరాదు. ఏ వ్రతమైనను ముందు చిటికెడు పసుపు నీటితో తడిపి ముద్దచేసి, వ్రేళ్ల కొసలతో నొక్కి నిలిపి, తమలపాకుమీద కూర్చుండబెట్టి గణపతి యని పూజింతురు. బతుకమ్మనాడు ఆ పసుపే గౌరమ్మ యగును. తడి ఆరకముందే ముద్దమీద వ్రేలిముద్రలు కనబడుచునే యుండును. దానిని తన చేతులతోనే చేసితినని ఆ ఇల్లాలికి తెలియకపోలేదు. కొంతమంది విద్యావంతులు దీనిని బ్రహ్మమునకు రూపము తగిలించు మౌఢ్యముగా గణింతురు. నేనట్లు తలపను. దిక్కులన్నిట వ్యాపించినదానియందు మనస్సు నిలుచుటకు అంచు దొరకదు. ఆ ఇల్లాలు కొంతసేపు తక్కినదంతయు ప్రక్కకు నెట్టి, ఇంతమాత్రమును ఎదుట నుంచుకొనుచున్నది. పూజ ముగిసిన పిమ్మట ఉద్వాసన చెప్పి నీట కలుపుటచేత ఆ రూపము శాశ్వతమని ఆమె భ్రమింపలేదనుటయు స్పష్టమగుచున్నది.

అద్దమును తీయవలసిన సమయము తెలియుటయు విద్యయే. మంచు కళ్లద్దములను 0 మొదలు 4 వరకు తరగతులుగా విభజింతురు. 1వ తరగతి అద్దము నూటికి 43 నుండి 80 పాళ్ల వెలుగును లోనికి విడుచును. మబ్బు దినమున కది తగును. 3వ తరగతి 8 నుండి 18 పాళ్లను, 4వ తరగతి 3 నుండి 8 పాళ్లను మాత్రమే విడుచును. తీవ్రమైన ఎండకవి అవసరము. ఎవరెస్టు శిఖరమునకు పోవువారు తుది మజిలీని రాత్రియే విడుతురు గనుక మొదట రంగులేని అద్దముతో నడచి, ప్రొద్దుపొడుపున నల్లనిదానికి మారవలెను. ఒక్క అద్దమే అన్ని వేళలకు పనికివచ్చునని పట్టుపట్టినవాడు చీకటిలోనో యెండలోనో గ్రుడ్డివాడగును. 1924 జూన్ 4వ తేదీన ఎడ్వర్డ్ నార్టన్ అను పర్వతారోహకుడు ఎవరెస్టుమీద ఆక్సిజన్ సిలిండరు లేకయే 8,570 మీటర్ల యెత్తున కేగెను. నల్లని రాతిమీద నడచుచుంటినిగదా యని కళ్లద్దములు తీసివైచెను. ఆ రాత్రియే చూపుపోయి రెండు దినములకు పైగా అంధుడై పడియుండెను. అధికారిభేదమును అంగీకరింపని మతవాదులు ఈ చరిత్రను శ్రద్ధగా చదువవలెను. ఒకని సాధనము మరొకనికి మందముగా, ఇంకొకనికి తీక్ష్ణముగా ఉండవచ్చును. వెలుగు మారినపుడు ఒకే మనుష్యునికిని సాధనము మారవలెను.

ఇంతవరకు అద్దముయొక్క రంగును గూర్చినదే. అద్దము మసకబారుట వేరొక చిక్కు; నా దృష్టిలో ఇదియే గంభీరమైనది. గీత తృతీయాధ్యాయమున జ్ఞానమును కప్పు ఆవరణమునకు పొగ, మురికి, మావి ఉపమానములుగా చెప్పబడినవి. మంచుకొండమీది మసక ఈ మూటిలో దేనికిని చెందదు. అది చూచువాని ఊపిరినుండియు, చెమటనుండియు పుట్టుచున్నది. వెచ్చని తేమగాలి చల్లని అద్దమునకు తగిలి సూక్ష్మబిందువులై నిలుచును. ఆ బిందువులు వెలుగును చెదరగొట్టును. పసుపు ఉడికించుచోట కడాయి మూత తీయగనే కళ్లద్దముల మనుష్యునికి లోకమంతయు తెల్లబడును. అతడు తువాలు కొసతో తుడుచును, మరల పట్టును, మరల తుడుచును. తెలిసినవాడు ఆవిరికి ఎడముగా జరిగి, గాలి తగులుచోట ఊరకయే నిలుచును. మసక తానే విడిపోవును.

మంచు కళ్లద్దములు చేయువారును ఈ మార్గమునే పట్టిరి. నడుమ గాలి బంధింపబడిన రెండు పలకలను కూర్చుటచేత లోపలి పలక చల్లబడదు. పై అంచునను క్రింది అంచునను రంధ్రములుంచుటచేత తేమ బయటికి పోవును. లోపలి ముఖమునకు నీటిని బిందువులు కట్టనీయక పలుచని పొరగా పరచు పూత పూయుదురు. ఆ పూత తడిగా నున్నపుడు బలిమితో తుడిచినచో చెడిపోవును. దులిపి ఆరనిచ్చుటయే తగినది. నుదుటిమీదికి జరిపి ఉంచుకొన్నను చెమట పట్టును. ఆయాసపడి ఎక్కి ఒక్కసారిగా ఆగినవానికి మసక హెచ్చగును. ఊపిరి బిగబట్టుట పరిష్కారము కాదు; ఆర్మూరు సిద్ధులగుట్టమీద తపస్సు చేసిరని చెప్పబడు నాథసిద్ధులును శ్వాసను క్రమపరచిరి గాని దానిని శత్రువుగా భావింపలేదు. ఈ మసకవంటిదే సాధకుని అహంకారము; అది దుష్కర్మములవలననే పుట్టునని మనము సామాన్యముగా తలతుము. కాని అది అతని యత్నమునుండి, వ్రతదీక్షనుండి, తపశ్శ్రమనుండియు పుట్టును. దానిని కఠినముగా రాచి తుడువబోయినవాడు, రాచితినను మరియొక అహంకారమును తెచ్చుకొనును. నడక తగ్గించి, గాలికి త్రోవ యిచ్చుట ఉచితము. సత్సంగమునకును, సేవకును పూర్వులు అంత ప్రాముఖ్యమిచ్చుట ఇందువలననే యని నా విశ్వాసము.

కావున పచ్చని అద్దముద్వారా కలిగిన జ్ఞానము భ్రాంతి కాదని, లేదా భ్రాంతి యన్నను మణికాంతి వంటిదని నా నిర్ణయము. వెలుగు మారినను దానిని విడువకపోవుటయే దోషము. ఈ జిల్లానుండి పూర్ణ పోయిన త్రోవన పోదలచు పిల్లలకును, వారిని పంపు తల్లిదండ్రులకును ఒక మనవి: మబ్బునకు లేతదియు ఎండకు ముదురుదియు, రెండు లెన్సులు కొనుడు, రంగు ఏదైనను అతినీలలోహిత కిరణములను పూర్తిగా ఆపునదేనా యని చూచి కొనుడు. మబ్బు పట్టినదిగదా యని మంచుమీద కళ్లద్దములు తీయకుడు. ఆ కిరణములు మేఘమును దాటి వచ్చును, కంటి బాధ కొన్ని గంటలు గడచినగాని తెలియదు.