పేర్లన్నీ ఒక్కటి చేశాక

ఒక శుక్రవారం సాయంత్రం మా సీ కోడ్‌లో దాదాపు 400 ఫైళ్ళు ఒక్క స్క్రిప్ట్‌తో మార్చేశాను. 32 బిట్ల అన్‌సైన్డ్ పూర్ణాంకానికి అందులో ఆరు పేర్లుండేవి. ఒకరు డీవర్డ్ అన్నారు, ఇంకొకరు యు32 అన్నారు, మరొకరు తమకి తోచిందేదో పెట్టుకున్నారు. అన్నీ తీసేసి యుఇంట్32_టి అని పెట్టాను. ఇల్లంతా ఊడ్చినంత తృప్తి.

పని తప్పేం కాదు. సీ భాషకి 1989లో వచ్చిన ప్రామాణికం ఇంట్‌కి కనీసం 16 బిట్లు, లాంగ్‌కి కనీసం 32 ఉండాలని చెప్పింది తప్ప, కచ్చితంగా ఎన్నో చెప్పలేదు. అందుకే లాంగ్ అంటే 64 బిట్ల లినక్స్‌లో 64, 64 బిట్ల విండోస్‌లో 32. శేరు ఊరికో రకంగా ఉండేదని మా అమ్మమ్మ చెప్పేది, ఇదీ అంతే. 1999 ప్రామాణికం వెడల్పుని పేరులోనే పెట్టి ఈ గొడవ తీర్చింది. కిలో వచ్చాక శేరు కోసం ఏడవడంలో అర్థం లేదు.

కొన్ని నెలలకి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక టైమర్‌కి 500 ఇచ్చాడు. అర సెకను అనుకున్నాడు. అది 5 సెకన్లు ఆగింది. ఆ ఫంక్షన్‌కి కావాల్సినవి మిల్లీసెకన్లు కావు, టిక్కులు. మా దగ్గర ఒక టిక్ అంటే 10 మిల్లీసెకన్లు. "అన్నా, ఇది మీరే రాశారా?" అని అడిగాడు. గిట్ బ్లేమ్‌లో ఆ లైను పక్కన ఉన్నది నా పేరే.

నేను రాయలేదు, చెరిపాను. అక్కడ అంతకుముందు టిక్_టి అని ఉండేది. అదీ 32 బిట్లే కదా అని నా స్క్రిప్ట్ దాన్నీ కలిపేసింది.

సమర్థించుకోవాలంటే దారుంది. సీలో టైప్‌డెఫ్ ఉత్త మారుపేరు. పాత పేరు ఉన్నా కంపైలర్ నోరెత్తేది కాదు. ఈ మాట కుర్రాడితో అనబోయి ఆగిపోయాను. యంత్రం పట్టించుకోని తేడాని కాపాడాల్సింది మనుషులే కదా. ఆ పేరు కంపైలర్ కోసం పెట్టింది కాదు, ఎప్పుడో వచ్చి చదవబోయే ఈ కుర్రాడి కోసం పెట్టింది.

డీవర్డ్, యు32 'ఎంత' అని చెప్తాయి. టిక్_టి 'ఏమిటి' అని చెప్తుంది. మొదటి రకాన్ని నిశ్చింతగా కలపొచ్చు. రెండో రకం జోలికి వెళ్ళాలంటే ముందు చదవాలి. లినక్స్ కెర్నెల్‌లో యు64 ఉండగా డిస్క్ సెక్టార్లకి సెక్టర్_టి అని వేరే పేరు ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. వెడల్పు ఒకటైనంత మాత్రాన రెండు వస్తువులు ఒకటి కావు. నేను ఏకరూపతని స్పష్టత అనుకున్నాను. చదవకుండానే బాగుచేశాను.

ఇప్పుడు టిక్కుని ఒకే సభ్యుడున్న స్ట్రక్ట్‌లో పెట్టాను. ఉత్త 500 ఇస్తే కంపైలరే ఒప్పుకోదు. రాసేటప్పుడు చాదస్తంగా ఉందని టీమ్‌లో ఇద్దరు సణుగుతున్నారు, అందులోనూ నిజముంది. టిక్_టి అని మొదట రాసినాయన నేను చేరేసరికే వెళ్ళిపోయారు, ఎప్పుడూ చూడలేదు. పాత చరిత్ర తవ్వి, ఈసారి కమిట్ సందేశంలో ఆయన పేరు రాశాను.