పలు పరికరాల ఇల్లు ఒక్కటేనా?

వేర్వేరు కంపెనీల పరికరాలను ఒకే వ్యవస్థగా కలిపితే ఏర్పడేది కొత్త వస్తువా, పాత వస్తువుల గుంపుకు పెట్టిన పేరా? భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న అవయవ–అవయవి (భాగాలు–మొత్తం) సమస్యకు ఇది ఇవాళ్టి రూపం. విశాఖపట్నం ద్వారకా నగర్‌లోని ఒక ఫ్లాటునే తీసుకుంటే, హాల్లో ఫిలిప్స్ హ్యూ బల్బు జిగ్‌బీ రేడియోతో, పడకగదిలో విప్రో బల్బు వై-ఫైతో, తలుపు తాళం బ్లూటూత్‌తో పనిచేస్తుండవచ్చు. మూడింటికీ మూడు యాప్‌లు. ఒకదాని సంకేతం మరొకదానికి అర్థం కాదు.

వీటిని కలపడానికి రెండు దారులున్నాయి. మొదటిది మధ్యవర్తి. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్ ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లో (హబ్‌లో) నడుస్తూ, ఒక్కో కంపెనీ పరికరంతో దాని పద్ధతిలోనే వ్యవహరించి, అన్నిటినీ ఒకే తెర మీదికి తెస్తుంది. రెండోది ఉమ్మడి ప్రమాణం. అమెజాన్, ఆపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ 2019 డిసెంబరులో ప్రకటించిన ప్రయత్నం ‘మ్యాటర్’ అనే పేరుతో 2022 అక్టోబరులో వెలువడింది. మ్యాటర్ పరికరాలు వై-ఫై, ఈథర్‌నెట్, థ్రెడ్ అనే నెట్‌వర్క్‌ల మీద నడుస్తాయి. జిగ్‌బీ బల్బు మాత్రం సంకేతాలను తర్జుమా చేసే బ్రిడ్జి ద్వారానే ఇందులో చేరాలి.

గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం అవయవి తన అవయవాల కంటే వేరైన ద్రవ్యం. వాటిలో సమవాయ (విడదీయరాని) సంబంధంతో ఉంటుంది. ఒక భాగాన్ని పట్టి లాగితే మొత్తం కదిలి రావడమే దానికి రుజువు. కుండ అలాంటిది, సైన్యం, అడవి అలాంటివి కావు. స్మార్ట్ ఇంట్లో తలుపు తెరుచుకోగానే సెన్సర్ సంకేతం హబ్‌కు చేరుతుంది, హబ్ ఆజ్ఞతో హాల్లో దీపం వెలుగుతుంది. చూడ్డానికి ఒకే వస్తువు కదిలినట్టుంటుంది. కానీ ఆ బల్బును విప్పి పక్కింట్లో పెట్టినా వెలుగుతుంది. కాబట్టి ఇక్కడున్నది సంయోగమే (విడదీయగల కలయికే) తప్ప సమవాయం కాదు. నైయాయికుడి లెక్కలో ఇది సైన్యం కోవలోకే వస్తుంది.

బౌద్ధులు అవయవినే ఒప్పుకోరు. విశాఖ–భీమిలి తీరాన తొట్లకొండ, బావికొండ విహారాలు వర్ధిల్లిన కాలంలో బౌద్ధ భిక్షువుల చర్చల్లో ఉన్న వాదమిది. మిలిందపన్హా అనే బౌద్ధ గ్రంథంలో నాగసేన భిక్షువు రథాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు: ఇరుసు రథం కాదు, చక్రాలు రథం కాదు, వాటిని విడిచి రథమంటూ వేరే లేదు, వాటి అమరికను బట్టి వచ్చిన వ్యవహారమే రథం. ఈ లెక్కన యాప్‌లో కనిపించే ‘ఇల్లు’ కూడా వ్యవహారమే. అయితే వ్యవహారం అబద్ధం కాదు. పని దానితోనే జరుగుతుంది.

సాంఖ్యం ప్రశ్ననే మార్చేస్తుంది. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక కూర్చిన ప్రతిదీ మరొకరి కోసమే ఉంటుందంటుంది. మంచం తన కోసం తాను లేదు, పడుకునేవాడి కోసం ఉంది. ఏకత్వాన్ని పరికరాల్లో వెతికితే దొరకదు. అవి ఎవరి అవసరానికి కూడాయో అక్కడ దొరుకుతుంది.

దీన్ని మరింత నిక్కచ్చిగా తేల్చడానికి రామానుజులు శరీరానికి చెప్పిన నిర్వచనం పనికొస్తుంది. ఒక చేతనుడు తన ప్రయోజనానికి దేన్ని ధరించి, నియమించగలడో, ఏది అతనికి శేషంగానే (అతని కోసమే) ఉంటుందో అది అతని శరీరం. హబ్ చేతనం కాదు గనక అది కరణం (పనిముట్టు) మాత్రమే. శరీరి (ఆ శరీరం గలవాడి) స్థానం ఇంటివారిది. ధారణ, నియమనం, శేషత్వం అనే మూడు లక్షణాల్లో ఏది లోపించినా ఆ స్థానం వారికి దక్కదు. రివాల్వ్ అనే హబ్‌ను 2014లో కొన్న నెస్ట్ సంస్థ 2016 మేలో దాని సర్వర్లను ఆపేసింది. హబ్‌లు ఇళ్ళలోనే ఉన్నా పనికిరాకుండా పోయాయి: నియమనం కంపెనీ చేతిలో ఉండిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో కరెంటునూ ఫోన్లనూ రోజుల తరబడి నిలిపేసింది. అలాంటప్పుడు పోయేది ధారణకు కావలసిన ఆధారం. నెట్ ఒక్కటే పోతే, ఆజ్ఞలు ఇంటి లోపలి నెట్‌వర్క్‌లోనే నడిచే వ్యవస్థ నిలుస్తుంది. కరెంటే పోతే హబ్‌కూ రౌటర్‌కూ ఇన్వర్టర్ ఉండాలి.

ఉమ్మడి ప్రమాణం పరికరాల మధ్య సంయోగాన్ని సులువు చేస్తుంది. అంతకు మించిన ఏకత్వం అది ఇవ్వలేదు. ఆజ్ఞ ఎక్కడ పుడుతోంది, ఆధారం ఎవరి అదుపులో ఉంది, పోగయ్యే సమాచారం ఎవరికి పనికొస్తోంది అన్న మూడింటికీ జవాబు ఇంటివారే అయినప్పుడే ఆ పరికరాలన్నీ కలిసి ఒక్క ఇల్లవుతాయి. జవాబు మరొకరైతే, యాప్‌లు ఎంత చక్కగా కలిసినా అవి ఆ మరొకరి సైన్యమే.