దిగులు పాటకు అర్థం ఎక్కడ?



దిగులు పాట వినగానే మనకో అలవాటు. పాపం, ఈ కవికి ఏమైందో అని ఆరా తీస్తాం.

మన పిఠాపురం దగ్గర పుట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారినే తీసుకోండి. 1925లో ఆయన కావ్యం ‘కృష్ణపక్షం’ వచ్చింది. నిండా విషాదం. చిన్న వయసులోనే ఆయనకు భార్యావియోగం కలిగింది. ఓహో, అదా సంగతి అని పుస్తకం మూసేస్తే సరిపోతుందా?

మిగతా కథ కూడా వినండి. పెద్ద వయసులో గొంతు జబ్బు ఆయన మాటనే తీసుకుపోయింది. ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి చూపించాల్సిందే. అలాంటి రోజుల్లోనే ‘గోరింటాకు’ సినిమాకు పాట రాశారు. ఆడపిల్లల అరచేతులు ఎర్రగా పండే వేడుక పాట! వింటే, మాట పోయిన మనిషి రాసిన పాట అని ఎవరైనా అనుకుంటారా?

అందుకే, కవి బతుకు తెలిసినంత మాత్రాన పాట తెలిసిపోదు.

కోటిపల్లి రేవులో జనాన్ని నది దాటించే పంటు చూశారుగా. కట్టినదెవరో మనకు తెలియదు. ఒకరు పెళ్ళికని ఎక్కుతారు. ఒకరు ఆసుపత్రికని ఎక్కుతారు. అందరినీ దాటిస్తుంది. దిగులు పాటా అంతే. ఒకరి దుఃఖంతో తయారవుతుంది. ఎందరి దుఃఖాన్నో దాటిస్తుంది.

ఈరోజు అలాంటి పాట చెవిన పడితే, కవికి ఏమైందని అడక్కండి. ఏ మాట దగ్గర నా మనసు ఆగింది? అది అడగండి. పాట అర్థం అక్కడే మొదలవుతుంది.